బిగ్ బ్యాంగ్ చెప్పిన ఫాదర్ దాన్ని దేవుడికి రుజువు అనలేదు

"ఇంజనీరింగ్ చదివి కూడా దేవుడంటావేంటి?" అని నన్ను ఆఫీసులో చాలామంది అడుగుతుంటారు. ఈ ప్రశ్నకి ఈసారి క్రైస్తవ లోకం నుంచి ఒక ఉదాహరణ చూద్దాం.

జార్జ్ లెమైత్ర్‌ది బెల్జియం. 1923లో క్యాథలిక్ ఫాదర్ అయ్యారు. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచే లెక్కగట్టి చూపించారు. అంతా ఒకే 'ఆదిమ అణువు'తో మొదలైందని 1931లో ప్రతిపాదించారు. ఇవాళ మనం బిగ్ బ్యాంగ్ అంటున్నదానికి మూలం అదే.

1951లో పోప్ పన్నెండో పయస్, సైన్సు చెప్పే ఈ ఆరంభం సృష్టికర్త ఉన్నాడనడానికి బలమిస్తోందన్నట్టు మాట్లాడారు. లెమైత్ర్‌కి అది నచ్చలేదు. తన సిద్ధాంతం మతం జోలికి పోదన్నది ఆయన మాట.

ఎంత మంచి జాగ్రత్తో చూడండి! కొత్త డేటా వస్తే థియరీ మారొచ్చు. భక్తిని దానికి ముడేస్తే రెండూ కలిసే కూలతాయి. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ కూడా, లోకానికి ఆరంభం ఉందని తర్కంతో రుజువు చేయలేం, విశ్వాసంతోనే ఒప్పుకుంటాం అన్నారు. లోకం ఎప్పుడు మొదలైందన్నది ఒక ప్రశ్న, అసలు ఎందుకుందన్నది ఇంకో ప్రశ్న.

"ఇదంతా మన వేదాల్లో ఎప్పుడో ఉంది" అని ఫార్వర్డ్ కొట్టేముందు మనమూ ఇది గుర్తుపెట్టుకోవాలి. సృష్టి గురించి మన నాసదీయ సూక్తమే ప్రశ్నతో ముగుస్తుంది కదా! నా భక్తికి సైన్స్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మరి మీ భక్తికి?