యాభై రెండో ఆట

ఆటలాడితే చదువు చెడుతుందని మన పెద్దలంటారు. 2003లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయ విద్యార్థులు ముగ్గురు ఫోనులో ఆడుకునే ఆటనొకదాన్ని స్వయంగా తయారుచేసి పోటీకి పెట్టారు. గెలిచారు. ఆ ధైర్యంతోనే ఒక కంపెనీ పెట్టారు. తరువాత ‘రోవియో’గా పేరు మార్చుకున్నది అదే.

అక్కడి నుంచి వాళ్ళకు తిరుగులేదనుకునే మిత్రులు తొందరపడవద్దు. ఈ రంగంలో ఆటను తయారుచేసేవాడు వేరు, జనంలోకి తీసుకువెళ్ళి అమ్మేవాడు వేరు. రచయితకూ ప్రచురణకర్తకూ ఉన్న సంబంధం లాంటిదే ఇది. అదెంత మధురమో సొంత పుస్తకం అచ్చువేయించుకున్న మన లెక్చరరు గార్లనడగండి!

రోవియో పెద్ద సంస్థలకు కూలికి ఆటలు చేసిపెట్టేది. ఒకే ఆటను రకరకాల ఫోన్లకు విడివిడిగా సరిచెయ్యాలి. అమ్మకమేమో టెలిఫోను కంపెనీల చేతిలో ఉండేది. ఆరేళ్ళలో యాభై ఒక్క ఆటలు చేసి, 2009 నాటికి దివాలా అంచుకు చేరింది. మిగిలింది పన్నెండు మంది.

అంతకు ముందే, 2008లో, ఆపిల్ కంపెనీ తన ఫోనులోనే దుకాణం తెరిచింది. ఒకటే ఫోను, ఒకటే అంగడి, నూటికి 70 వంతులు సరుకు పెట్టినవాడికి. 2009 డిసెంబరులో యాభై రెండో ఆట, ‘యాంగ్రీ బర్డ్స్’, వచ్చింది. (ఆ ఏడు స్వైన్ ఫ్లూ గొడవ జరుగుతున్నందునే పిట్టలకు పందులు శత్రువులయ్యాయట!) వెల 99 సెంట్లు. ఐఫోనులో దాన్ని ప్రచురించింది కూడా చిల్లింగో అనే బ్రిటిష్ సంస్థే. 2010 ఫిబ్రవరిలో బ్రిటన్‌లోని ఆపిల్ దుకాణం దాన్ని ముందు వరుసలో చూపగానే మొదటి స్థానానికి ఎగిరింది. ఆ ఏడే ఆండ్రాయిడ్ ఫోన్లకు రోవియో తానే ప్రచురించుకుంది. ఆపైన బొమ్మలు, చొక్కాలు, 2016లో సినిమా.

ఈలోగా అదే హెల్సింకీలోని సూపర్‌సెల్ 2012లో ‘క్లాష్ ఆఫ్ క్లాన్స్’ తెచ్చింది. ఆట ఉచితం, లోపలి వస్తువులకే డబ్బు. రోవియో ఈ దారికి మళ్ళడంలో ఆలస్యమైంది. 2014, 2015లలో ఉద్యోగులను తగ్గించింది. 2017లో 11.50 యూరోలకు అమ్మిన వాటాను, 2023లో జపాను సంస్థ సెగా 9.25 యూరోలకు కొని కంపెనీని తనలో కలుపుకుంది.

అభిమానులు అడగ్గా తొలి ఆటను రోవియో 2022లో మళ్ళీ తయారుచేసి 99 సెంట్లకే పెట్టింది. ఏడాది తిరక్కుండానే, తమ మిగతా ఆటలకు దెబ్బ తగులుతోందంటూ గూగుల్ దుకాణం నుంచి తీసేసింది. ఒకసారి వెల చెల్లించి కొన్నవాడు మళ్ళీ ఏమీ కొనడు మరి!