గ్రాంటు సంఘానికి, అప్పు సభ్యురాలికి
(అవగాహన: గ్రామీణ పేదరికం – పొదుపు సంఘాల నిధులు)

తికమక ఎక్కడ?

పేదరిక నిర్మూలన పథకాల మీద ప్రశ్న వస్తే చాలామంది అభ్యర్థులు సబ్సిడీ, గ్రాంటు, వడ్డీ రాయితీ మూడింటినీ ఒకే గాటన కట్టేస్తారు. 1999 ఏప్రిల్ 1న మొదలైన స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో బ్యాంకు అప్పుకు సబ్సిడీ జతయ్యేది. సబ్సిడీ కోసమే పుట్టి, అది అందగానే చెదిరిపోయిన సంఘాలు తక్కువేం కాదు. 2011 జూన్‌లో దాని స్థానంలో వచ్చిన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ పద్ధతి మార్చింది. డబ్బు సంఘానికీ, సంఘాలు కలిసి ఏర్పడే సమాఖ్యకూ గ్రాంటుగా వస్తుంది, సభ్యురాలికి మాత్రం అప్పుగానే అందుతుంది. ఆమె కట్టే వాయిదా ప్రభుత్వానికి పోదు. ఊళ్లోనే తిరుగుతూ ఇంకొకరికి అప్పవుతుంది. ఈ ఒక్క ముక్క రాస్తే సగం జవాబు వచ్చినట్టే.

పావలా వడ్డీ, సున్నా వడ్డీ వేరు. అవి బ్యాంకు అప్పు మీద వడ్డీ భారాన్ని తగ్గించే రాయితీలు. వాటిని గ్రాంటు అని రాయకండి.

మూలాలు

ఈ నమూనాకు పునాది ఎక్కువగా మన దగ్గరే పడింది. 1990లలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం (యూఎన్‌డీపీ) సాయంతో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ప్రయోగం జరిగింది. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఏర్పడి, ప్రపంచ బ్యాంకు రుణంతో ‘వెలుగు’ ప్రాజెక్టును మొదట ఆరు జిల్లాల్లో నడిపింది. అదే తర్వాత ఇందిరా క్రాంతి పథం. జాతీయ మిషన్‌కు 2016లో దీనదయాళ్ అంత్యోదయ యోజన పేరు చేరింది. ఖర్చులో కేంద్రం, రాష్ట్రం వాటా 60:40. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు 90:10.

నిధులు ఎలా దిగుతాయి?

సంఘం ముందు పంచసూత్రాలు పాటించాలి: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాలు, పుస్తకాల నిర్వహణ. కొన్ని నెలలు అలా నడిచాక రివాల్వింగ్ ఫండ్ వస్తుంది. మొదట్లో 10,000–15,000 రూపాయలు, తర్వాత 20,000–30,000కు పెంచారు. చిన్న మొత్తమే. సంఘానికి డబ్బు తిప్పడం అలవాటు చేయడమే దాని పని.

అసలు పెట్టుబడి సామాజిక పెట్టుబడి నిధి (సీఐఎఫ్). సంఘానికి గరిష్ఠంగా 2.5 లక్షల దాకా, సమాఖ్యల ద్వారా వస్తుంది. ఇందుకు సంఘం సూక్ష్మ రుణ ప్రణాళిక తయారు చేయాలి. ఒకామె గేదె కొంటానందనుకోండి. గడ్డి ఎక్కడిది, పాలు ఏ కేంద్రంలో పోస్తావు, పాత బాకీ ఎంతుంది అని తోటి సభ్యులే నిలదీస్తారు. బ్యాంకు మేనేజరుకు తెలియని సంగతులన్నీ పక్కింటామెకు తెలుసు కదా! చర్చ తేలాక ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నది తీర్మానం పుస్తకంలోకి ఎక్కుతుంది, సంతకాలు పడతాయి. ప్రణాళికను గ్రామ సమాఖ్య పరిశీలించాకే డబ్బు సంఘం ఖాతాలో జమవుతుంది.

పేదరికం తగ్గినా అసమానత?

మెయిన్స్‌లో మార్కులు తెచ్చేది ఈ భాగమే. వారం వారం పొదుపు కట్టలేని ఇల్లు సంఘంలోకే రాదు. వలస వెళ్లే కూలీ సమావేశాలకు అందదు. పుస్తకాలు రాసేవాళ్లు, పదవుల్లో ఉన్నవాళ్లు తమవాళ్లను ముందు వరుసలో నిలబెట్టుకునే వీలూ ఉంది. అంటే గ్రాంటు ఊరికి చేరినా ఊళ్లో అట్టడుగున ఉన్నవారికి చేరుతుందన్న భరోసా లేదు. నిరుపేదలను గ్రామస్థులే గుర్తించే ప్రక్రియను పెట్టింది ఇందుకే. ఆకలి, జబ్బు లాంటి ఆపదలకు గ్రామ సమాఖ్య దగ్గర ఉండేలా, సభ్యురాలికి 1,500 రూపాయల లెక్కన వల్నరబిలిటీ రిడక్షన్ ఫండ్‌ను తెచ్చిందీ ఇందుకే. ఇలాంటి ఆపదల్లో సమాఖ్య ఆదుకోవడానికి ఉదాహరణ అడిగితే వెలుగు కాలం నాటి బియ్యం అప్పు పథకం రాయొచ్చు. సమాఖ్య టోకున బియ్యం కొని ఇళ్లకు పంచేది, సభ్యులు వాయిదాల్లో డబ్బు కట్టేవారు. కూలి దొరకని నెలల్లో షావుకారు దగ్గర అరువుకు వెళ్లే అవసరం ఆ మేరకు తగ్గింది.