పని కోల్పోయినవాని హక్కు

మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని ప్రొద్దు వాలే వేళ అంగడివీధికి వెళ్తాడు. కొందరు ఖాళీగా నిలబడి ఉన్నారు. ఎందుకని అడిగితే, తమను ఎవరూ కూలికి పిలవలేదన్నారు. వారు ఒక్క గంటే పని చేసినా యజమాని పూర్తి కూలి ఇచ్చాడు. వారింట్లోనూ ఆ రాత్రి పొయ్యి వెలగాలి గదా!

ఒకప్పుడు పాలమూరు, నల్లగొండ బిడ్డలు వానలు లేక వలస పోయేవారు. నేడు కొత్తూరు, జడ్చర్ల, చౌటుప్పల్, బీబీనగర్ ఫ్యాక్టరీలలో ఎందరో పని చేస్తున్నారు. ఉన్నట్టుండి ఆ పని పోతే ఇంటి పెద్ద సిగ్గుతో తల వంచుకుంటాడు. ఆదివారం పూజకు కూడా రాడు. వడ్డీకి అప్పు తెస్తాడు. తనకు రావలసిన పైకం ఉందని అతనికి తెలియదు.

రెండవ జాన్ పాల్ పోపుగారు 1981లో మానవ శ్రమను గూర్చి వ్రాసిన విశ్వలేఖలో, పని లేనివారికి భృతి ఇవ్వడం సమాజం బాధ్యత అని బోధించారు. దేవుడు సృష్టించిన సంపద అందరి కోసం అన్నదే దీనికి పునాది.

నిరుద్యోగ భృతి అనగానే మనకు ఎన్నికల వాగ్దానాలే గుర్తుకు వస్తాయి. కానీ జీతంలో ఈఎస్ఐ కోత ఉన్న కార్మికునికి 2018 జూలై నుంచి అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన అనే పథకం వచ్చింది. మొదట సగటు రోజు వేతనంలో 25 శాతం ఇచ్చేవారు. కరోనా కాలంలో, 2020లో దానిని 50 శాతం చేశారు. రోజుకు 400 రూపాయల సగటు ఉంటే 200 చొప్పున, 90 రోజులకు 18,000 రూపాయలు. జీవితంలో ఒక్కసారే లభిస్తుంది.

అర్హత ఏమిటి? కనీసం రెండేళ్లు బీమా ఉద్యోగంలో ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని ఏడాదికి రెండు చందా కాలాలు. పని పోవడానికి ముందటి చందా కాలంలో 78 రోజులు, దానికి ముందటి మూడింటిలో ఏదో ఒకదానిలో 78 రోజులు చందా కట్టి ఉండాలి. దుష్ప్రవర్తనపై తొలగించినవారికి, తామే స్వచ్ఛంద విరమణ తీసుకున్నవారికి ఇది వర్తించదు.

పని పోయిన 30 రోజుల తర్వాత ఈఎస్ఐ వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టాలి. బీమా నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు కావాలి. పాత యజమాని సంతకం కోసం తిరగనక్కర లేదు. శాఖా కార్యాలయంవారే విచారించుకుంటారు. ఈ పథకాన్ని గడువు పెట్టి పొడిగిస్తూ వస్తున్నారు కనుక, ముందుగా అక్కడ అడిగి తెలుసుకోండి.

ఫ్యాక్టరీయే మూతపడితే, లేదా కార్మికులను తగ్గించుకుంటే, 2005లో వచ్చిన రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజనను గూర్చి కూడా అడగాలి. అందులో మొదటి 12 నెలలు సగం వేతనం, తర్వాతి 12 నెలలు పాతిక శాతం, కుటుంబానికి వైద్యం ఉన్నాయి.

ఇది భిక్ష కాదు, మీ చెమట లోంచి కట్టిన చందా ఫలం. ఇంకా పనిలో ఉన్నవారు నేడే జీతం చీటీ చూసుకోండి. కాంట్రాక్టరు క్రింద పనిచేసేవారు తమకు బీమా నంబరు ఉన్నదో లేదో కనుక్కోండి. ఆ నంబరు లేనివారికి ఈ తలుపు తెరుచుకోదు.

ఆలోచించండి: మన విచారణలో ఈ ఏడాది పని పోయినవారెవరు? వారింటికి ఎవరు వెళ్లారు? దరఖాస్తు నింపగల చదువుకున్న యువకుడు ఒక సాయంత్రం వారి ప్రక్కన కూర్చుంటే, అది కూడా ద్రాక్షతోటలో పనియే.