మూడు రోజులు ఆ గుంట జోలికి వెళ్లకు

చి. రవికి,

శుక్రవారం కింది జ్ఞానదంతం తీయించుకుంటున్నావని, గదిలో ఒక్కడివే ఉంటావని మీ అమ్మ చెప్పింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. పన్ను తీసిన గుంటలో గడ్డకట్టే నెత్తురే నీకు అసలు మందు. దాన్ని కదపకుండా ఉంటే సగం బాధ తప్పినట్టే.

ఆ గడ్డ కింద దవడ ఎముక, నరాల కొసలు ఉంటాయి. మోకాలి మీద పక్కు కట్టిన పుండును గిల్లితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది, కాకపోతే బయటపడేది ఎముక. డాక్టర్లు దాన్ని డ్రై సాకెట్ అంటారు. నొప్పి తగ్గాల్సిన మూడో నాలుగో రోజున చెవిదాకా పాకే సలుపు మొదలవుతుంది, నోరు వాసన కొడుతుంది. మిగతా పళ్లకంటే కింది జ్ఞానదంతాల దగ్గరే ఇది ఎక్కువ, సిగరెట్టు తాగేవాళ్లకు మరీ ఎక్కువ. నీకా అలవాటుందా అని అడగను గానీ, కనీసం మూడు రోజులు, వీలైతే వారం, దాని మొహం చూడకు. డాక్టరు పెట్టిన గాజుగుడ్డను ఆయన చెప్పినంతసేపు గట్టిగా కరిచిపట్టు. ఆగిందా లేదా అని మాటిమాటికీ తీసి చూడకు. మర్నాటిదాకా లాలాజలం ఎర్రగా కనిపిస్తుంది. చుక్క నెత్తురు కలిసినా బోలెడు పోయినట్టు అనిపిస్తుంది. ఉమ్మకు, మింగెయ్. స్ట్రాతో పీల్చకు, కొబ్బరిబొండాం తెచ్చుకున్నా నీళ్లు గ్లాసులో పోయించుకో.

మరి నోరు శుభ్రంగా ఉండొద్దా అంటావు. ఉండాలి, కానీ మొదటి 24 గంటలు పుక్కిలించొద్దు. ఆ తర్వాత గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి, తల అటూ ఇటూ వంచి, నీళ్లను వాటంతటవే సింకులోకి జారనివ్వు. మీ నాయనమ్మ లవంగనూనె పెట్టమంటుంది. ఆవిడ మాట ఉత్తదేం కాదు: లవంగంలోని యూజెనాల్ నొప్పిని మొద్దుబారుస్తుంది, డ్రై సాకెట్‌కు డాక్టర్లు పెట్టే కొన్ని మందుల్లోనూ అది ఉంటుంది. కానీ వాళ్లు గుంట కడిగి, కొలతగా పెడతారు. పచ్చిపుండులో మనం దూదితో అద్దితే మంట పుడుతుంది, గడ్డా కదులుతుంది.

పప్పు, పెరుగు తింటే చీము పడుతుందన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. చీము పట్టించేవి సూక్ష్మజీవులు. పుండు మానడానికి కావలసిన మాంసకృత్తులు ఆ పప్పులో, పెరుగులోనే ఉన్నాయి. మెత్తగా పిసికిన పెరుగన్నం, ముద్దపప్పు, చల్లారిన జావ నీకు సరిపోతాయి. ఆవకాయ, జంతికలు, పొగలు కక్కే కాఫీ ఆగుతాయి. మత్తుసూది మొద్దుతనం వదిలేదాకా ఏదీ నమలకు, చెంప కొరుక్కున్నా తెలియదు.

మాత్రలు ఎంత తక్కువ వేసుకుంటే అంత మంచిదని ఓర్చుకునే రకం నువ్వు. ఇక్కడ ఆ ఓర్పు పనికిరాదు. నొప్పి ముదిరాక అణచడం కష్టం, నిద్రా తిండీ పోతాయి. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2024 నాటి మార్గదర్శకాలు కూడా ఇలాంటి నొప్పికి ఇబుప్రొఫెన్ వంటి మందులనే, ఒక్కటిగా గానీ పారాసిటమాల్‌తో కలిపి గానీ, ముందు వాడమంటున్నాయి. ఉబ్బసం, కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉంటే ఇబుప్రొఫెన్ పడకపోవచ్చు, కాబట్టి డాక్టరుకు అన్నీ ముందే చెప్పు. ఆయన రాసిన మొదటి మోతాదు మొద్దుతనం వదలకముందే వేసుకోవచ్చా అని అడుగు. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది, రెండూ కలిపి మోతాదు దాటనివ్వకు. యాంటీబయాటిక్ నొప్పి మందు కాదు, నీ అంతట నువ్వు షాపులో కొనకు.

వాపు రెండో మూడో రోజుకు పెరుగుతుంది, నోరు పూర్తిగా తెరుచుకోదు, అది మామూలే. మొదటి రోజు తువ్వాలులో చుట్టిన ఐసు ఇరవై నిమిషాలు పెట్టి, ఇరవై నిమిషాలు తియ్యి. తలకింద రెండు దిళ్లు వేసుకుని పడుకో. గాజుగుడ్డ మార్చి కరిచినా నెత్తురు ఆగకపోయినా, జ్వరం వచ్చినా, మూడో రోజు తర్వాత నొప్పీ వాపూ పెరిగినా డాక్టరుకు ఫోన్ చెయ్యి. మింగడం, ఊపిరి తీయడం కష్టమైతే ఫోన్లతో కాలం గడపకుండా ఆసుపత్రికి వెళ్లు. శుక్రవారం రాత్రికి గదిలో తోడుగా ఎవరినైనా ఉండమను, వాళ్ల నంబరు నాకు పంపు.

ఇట్లు,
పిన్ని