శనివారం ఆట ఎవరిది? (అమెరికా విశ్వవిద్యాలయాల ఫుట్‌బాలు, టెలివిజను)

ఫుట్‌బాలు అనగానే మనకు గుండ్రటి బంతి, కాళ్ళతో తన్నడం గుర్తుకొస్తాయి. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ బంతి కోలగా ఉంటుంది, ఎక్కువ భాగం చేత్తో పట్టుకునే పరుగెత్తుతారు. ఒక్కో జట్టులో పదకొండుగురు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, లేకపోతే బంతి ఎదుటివాళ్ళకి పోతుంది. ప్రతి ప్రయత్నం తరువాత ఆట ఆగుతుంది. గడియారంలో గంటసేపే ఆట గాని, చూసేవాడికి మూడు గంటలు దాటుతుంది. ఈ ఆగడమే టెలివిజనుకు వరం. ఆగినప్పుడల్లా ప్రకటన వేసుకోవచ్చు గదా!

శుక్రవారం రాత్రి హైస్కూళ్ళు, శనివారం విశ్వవిద్యాలయాలు, ఆదివారం వృత్తి జట్లు ఆడటం అక్కడి ఆనవాయితీ. వీటిలో శనివారం ఆటకు ఒక విశేషం ఉంది. ఆడేవాళ్ళు విద్యార్థులు, మైదానం కళాశాలది. మరి ఆ ఆటను లోకానికి చూపించే హక్కు ఎవరిది? ఈ ప్రశ్న మీద సుప్రీంకోర్టు దాకా పోయిన వ్యాజ్యం ఒకటి ఉంది. విద్యార్థి సంఘం సంచికలో చెప్పుకోదగినదే అనిపించి రాస్తున్నాను.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 1940 నుంచి 1950 వరకు సొంత మైదానంలో ఆడిన ఆటలన్నీ టెలివిజనులో చూపించింది. ఇళ్ళలో టీవీలు పెరిగేకొద్దీ మిగతా కళాశాలలకు భయం పట్టుకుంది. ఇంట్లో కూర్చుని ఉచితంగా చూసేవాడు టికెట్టు ఎందుకు కొంటాడు? కళాశాలలన్నిటి సంఘమైన నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్ (ఎన్.సి.ఎ.ఎ.) 1951లో కట్టడి పెట్టింది. పెన్సిల్వేనియా ఎదురు తిరిగింది. సంఘం దాన్ని వెలివేసినట్లు ప్రకటించేసరికి, ఆడవలసిన జట్లు మేము రామన్నాయి. ఎదుటి జట్టు లేకుండా ఆట ఎక్కడిది? చివరికి దారికి రాక తప్పలేదు.

అప్పటినుంచి మూడు దశాబ్దాలకు పైగా ఎన్ని ఆటలు చూపించాలో, ఒక జట్టు ఎన్నిసార్లు తెర మీదికి రావచ్చో సంఘమే నిర్ణయించింది. 1982లో మొదలైన నాలుగేళ్ళ ఒప్పందంలో ఎ.బి.సి., సి.బి.ఎస్. కంపెనీలు చెరి 13 కోట్ల 17 లక్షల 50 వేల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. రెండేళ్ళలో ఒక జట్టు ఆరుసార్లకు మించి కనిపించరాదు. కనీసం 82 కళాశాలలకు అవకాశం రావాలి.

ఇందులో న్యాయం లేకపోలేదు. 1981లో ఒక శనివారం ఓక్లహోమా, సదరన్ కాలిఫోర్నియా జట్ల ఆట 200కు పైగా స్టేషన్లలో వచ్చింది. అదే రోజున సిటడెల్, అపలాచియన్ స్టేట్ అనే రెండు చిన్న కళాశాలల ఆట నాలుగే నాలుగు స్టేషన్లలో వచ్చింది. నాలుగు జట్లకూ ముట్టిన సొమ్ము మాత్రం సమానం! చిన్నవాడికి ఇది పండగే. పెద్దవాడికి కడుపు మంట.

ఆ మంటతోనే ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు 1981లో దావా వేశాయి. 1890 నాటి షెర్మన్ చట్టం ప్రకారం వ్యాపారులు కూడబలుక్కుని సరుకు తగ్గించి ధర పెంచకూడదు. మన పొగాకు రైతులకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఏటా ఎంత పంట పండించాలో పొగాకు బోర్డు నిర్ణయిస్తుంది, అంతకు మించి వేస్తే చిక్కే. కాని బోర్డు పార్లమెంటు చేసిన చట్టంతో పుట్టింది. ఎన్.సి.ఎ.ఎ. అలాంటిది కాదు, అమ్మేవాళ్ళు తమలో తాము పెట్టుకున్న సంఘం. తేడా అంతా అక్కడే ఉంది.

1984 జూన్ 27న సుప్రీంకోర్టు 7–2 తేడాతో సంఘానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. తీర్పు రాసిన జస్టిస్ స్టీవెన్స్ తర్కం చదవదగ్గది. ఆట అన్న సరుకు తయారు కావాలంటే పోటీదారులు కొంత కలిసి నడవక తప్పదు, నియమాలు ఒకటిగా ఉండాలి. కాబట్టి కలవడమే నేరం అనలేదు ఆయన. కాని ఎన్ని ఆటలు చూపించాలో, ఎంతకు అమ్మాలో కట్టడి చేయడానికి ఆ వాదం పనికిరాదన్నాడు. మైదానంలో జనం తగ్గుతారన్న సాకు కూడా నిలవలేదు. ఎందుకంటే మైదానాల్లో ఆటలు జరిగే వేళల్లోనే టీవీలోనూ ఆటలు వస్తున్నాయి మరి!

విభేదించిన ఇద్దరిలో జస్టిస్ బైరన్ వైట్ ఒకరు. ఆయన కొలరాడో విశ్వవిద్యాలయం తరఫున స్వయంగా ఆడిన మేటి ఆటగాడు. ఇది చదువుకు అనుబంధమైన ఆట, మామూలు వ్యాపారం తూకంతో దీన్ని తూచరాదని ఆయన వాదం. కోర్టులో ఓడిపోయిన ఈ మాట తరువాత జరిగినదాన్ని చూస్తే తీసిపారేయదగ్గది కాదని నాకనిపిస్తుంది.

తీర్పు రాగానే గెలిచినవాళ్ళకు డబ్బు వరదలై పారలేదు. అందరూ ఒక్కసారి ఆటలు అమ్మకానికి పెట్టేసరికి ధర పడిపోయింది. మదనపల్లె మార్కెట్టుకు టమాటా ఒకేసారి దిగితే ఏమవుతుందో అదే. కాని చూసేవాడికి మేలు జరిగింది, ఆటల సంఖ్య బాగా పెరిగింది.

ప్రాంతీయ ప్రసారాల మంచికాలం ఇదే. టీవీ తరంగాలు సుమారుగా సరళరేఖలో పోతాయి. భూమి వంపు, కొండలు అడ్డం వస్తాయి కాబట్టి ఒక స్టేషను అందేది వంద కిలోమీటర్ల లోపే. అందువల్ల ప్రాంతం అన్నది భౌతికశాస్త్రమే గీసిన హద్దు. ఒక కంపెనీ లీగు నుంచి హక్కులు కొని, ఆటను చిత్రించి, ఉపగ్రహం ద్వారా ఆ రాష్ట్రాల్లోని చిన్నచిన్న స్టేషన్లకు పంపేది. ప్రకటనల వేళను ఇద్దరూ పంచుకునేవారు. దక్షిణాది రాష్ట్రాల సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్సు ఆటలను 1992 నుంచి ఇలా చూపించిన జెఫర్సన్ పైలట్ ఒక బీమా కంపెనీ తాలూకు సంస్థ! శనివారం పన్నెండున్నరకు వాళ్ళ ఆట మొదలయ్యేది. కొన్నాళ్ళు వ్యాఖ్యాతలు ముగ్గురి పేర్లూ డేవే కావడంతో జనం ముగ్గురు డేవ్‌లని నవ్వుకునేవారట. ఇంటి మీద యాంటెన్నా ఉంటే చాలు, పైసా కట్టనక్కర్లేదు. పల్లెలో ఉన్నవాడు తన రాష్ట్రం జట్టును చూసుకునేవాడు.

2014లో ఆ లీగు సొంత కేబులు ఛానెలు పెట్టుకుంది. అంతకు ముందే 2007లో ఉత్తరాది బిగ్ టెన్ లీగు ఆ దారి చూపింది. కేబులు లెక్క వేరు. ఆట చూసినా చూడకపోయినా ప్రతి ఇంటి బిల్లులోంచీ నెలకు కొంత ఛానెలుకు పోతుంది. లీగు ఉన్న రాష్ట్రంలో ఎక్కువ, బయట తక్కువ. అంటే జట్టు ఎంత బాగా ఆడుతుందన్నది కాదు, దాని చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళున్నాయన్నది ముఖ్యమైంది. న్యూయార్క్ పక్కనున్న రట్గర్స్, వాషింగ్టన్ నగరం పక్కనున్న మేరీలాండ్ 2014లో బిగ్ టెన్‌లో చేరడం వెనుక ఉన్న గణితం ఇదే.

ఆడే పిల్లల సంగతి? చాలాకాలం వాళ్ళకు దక్కింది ఉపకార వేతనమే. 1984 తీర్పులోనే ఆటగాళ్ళకు జీతం ఇవ్వరాదన్న భావానికి ఊతమిచ్చే మాట ఒకటి ఉంది. ఓడిన సంఘం దాన్నే డాలుగా పట్టుకుని దశాబ్దాలు గడిపింది. 2021లో సుప్రీంకోర్టు 9–0 తీర్పుతో ఆ డాలు పగిలింది. 2025 జూన్‌లో ఆమోదం పొందిన రాజీ ప్రకారం 2025–26లో ఒక్కో విశ్వవిద్యాలయం తన ఆటగాళ్ళకు సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా పంచవచ్చు.

ఎమ్మెస్ కోసం వెళ్ళిన మన తెలుగువాళ్ళు ఎందరో ఈ విశ్వవిద్యాలయాల్లోనే చదువుతున్నారు. శనివారపు కోలాహలం వాళ్ళకు తెలుసు గాని, దాని లెక్కలు ఎందరికి తెలుసో!

పసిఫిక్ తీరంలో పాక్-12 అనే లీగుకు వందేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. 2022లో లాస్ ఏంజెలెస్ జట్లు రెండూ తూర్పు వైపున్న బిగ్ టెన్‌కు పోతున్నట్లు ప్రకటించాయి. లీగుకు మంచి టీవీ ఒప్పందం దొరకలేదు, 2023లో మిగతావీ ఒక్కొక్కటే జారుకున్నాయి. ఇప్పుడు లాస్ ఏంజెలెస్ పిల్లలు లీగు ఆట కోసం న్యూజెర్సీ దాకా, దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు పోవాలి. ఫుట్‌బాలు వాళ్ళే కాదు, టీవీ ఒప్పందంతో ఏ సంబంధమూ లేని వాలీబాలు పిల్లలూ మధ్యలో పాఠాలు మానుకుని విమానం ఎక్కాలి.

పన్నెండింటిలో ఎవరికీ అక్కర్లేక మిగిలినవి రెండు. గోధుమ పొలాల మధ్య పుల్‌మన్ ఊళ్ళో ఉన్న వాషింగ్టన్ స్టేట్ ఒకటి, గడ్డి విత్తనాలు పండించే విలమెట్ లోయలోని ఆరెగన్ స్టేట్ మరొకటి. రెండూ వ్యవసాయ కళాశాలలుగా పెరిగినవే. అక్కడ పొలాలెక్కువ, టీవీ ఉన్న ఇళ్ళు తక్కువ. 2025 సీజనులో ఆ రెండు జట్లూ తమలో తామే రెండుసార్లు ఆడుకున్నాయి, ఒకసారి ఈ ఊళ్ళో, ఒకసారి ఆ ఊళ్ళో.