బోనులో అవధానం పాపయ్య: పాత ఇంగ్లీషు పుస్తకాలతో నా అనుభవ పాఠాలు

1793లో లండన్‌లో ఒక కేసు పుస్తకం అచ్చయింది. కేసు నడిచింది మద్రాసులో, అంతకు ముందు ఏడాది. మొదటి ముద్దాయి తెలుగువాడు, అవధానం పాపయ్య. మద్రాసు గవర్నరుగా పనిచేసిన జాన్ హాలండ్‌కూ, అతని సోదరుడు ఎడ్వర్డ్ జాన్ హాలండ్‌కూ దుబాసీగా ఉండేవాడు. డేవిడ్ హాలిబర్టన్ అనే ఈస్టిండియా కుంపణీ ఉద్యోగి మీద లేనిపోని నేరం మోపేందుకు కుట్ర పన్నారని పాపయ్య మీద, ఆయన సోదరుడు రామస్వామి మీద, మరో ఇద్దరి మీద అభియోగం. నేరం రుజువైందని తీర్పు వచ్చింది.

నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరై నక్కపల్లిలో ఉంటున్నాను. మా నాన్నగారు ఎలమంచిలిలో ప్లీడరు గుమాస్తా. అందుకే కాబోలు, పాత ఇంగ్లీషు పుస్తకాల్లో మొదట నన్ను పట్టుకున్నవి కేసు పుస్తకాలే. మత ప్రసంగాలూ నాటకాలూ తర్వాత వచ్చాయి. ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలు ఇవి ఎలా చదవాలని అడుగుతున్నారు. నాకు తెలిసింది రాస్తున్నాను.

1. ముందు మనవాళ్లను వెతకండి.

పాత ఇంగ్లీషు పుస్తకం అనగానే దొరల గొడవ అనుకుంటాం. ఆ గొడవల్లో మనవాళ్లు సాక్షులుగా, ముద్దాయిలుగా, దుబాసీలుగా, పండితులుగా ఎక్కడపడితే అక్కడ ఉన్నారు. అయితే పేర్లు మనం రాసుకునే తీరులో ఉండవు. పాపయ్య అక్కడ ‘పౌపియా’. చెన్నై చూలైలో ఆయన పేరుతో ఉన్న రోడ్డు బోర్డు మీద ‘పేపియర్’ అయ్యాడు. విశాఖపట్నం ‘విజగపటం’. వినికిడిని బట్టి రాసుకున్న పేర్లు ఇవి, కాబట్టి కంప్యూటర్లో వెతికేటప్పుడు ఒక రూపంతో వదిలేయకండి. గుర్రం మీద వచ్చిన స్కాట్లండు దొర చెవికి మీ ఊరి పేరు ఎలా వినబడి ఉంటుందో నోటితో నాలుగుసార్లు అనుకుని, అలా రాసి వెతకండి.

పాపయ్య కథ ఆ కేసుతో ఆగలేదు. అది అచ్చయిన 34 ఏళ్లకు, 1827లో, సర్ వాల్టర్ స్కాట్ ‘ద సర్జన్స్ డాటర్’ అనే నవల వేశాడు. స్కాట్ జన్మలో ఇండియా గడ్డ తొక్కలేదు. ఆ నవలలో మద్రాసు గవర్నరు దగ్గర పాపయ్య పేరుతోనే ఒక దుబాసీ ఉంటాడు, కుట్రలకు పెట్టింది పేరు. ఒక తెలుగువాడు ఎడిన్‌బరో నవల్లోకి నడిచి వెళ్లాడు, అదీ దుర్మార్గుడి వేషంలో! మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

2. కేసు పుస్తకాన్ని బోనెక్కించండి.

పాపయ్య తరఫున నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. తప్పు చేసే ఉండొచ్చు. కానీ గెలిచిన పక్షం ఊరకుండదు, ఓడిన పక్షానికి లండన్‌లో అచ్చువేయించే స్తోమత ఉండదు. కాబట్టి కేసు పుస్తకం చేతికి రాగానే అడగవలసిన మొదటి ప్రశ్న: అచ్చు ఖర్చు ఎవరు పెట్టుకున్నారు, ఎవరికి చూపించడానికి?

రెండో ప్రశ్న: సాక్షి ఏ భాషలో చెప్పాడు? మద్రాసు కోర్టుల్లో సాక్షి తెలుగులోనో అరవంలోనో చెబితే దుబాసీ ఇంగ్లీషు చేసేవాడు, రాసేవాడు ఆ ఇంగ్లీషును రాసుకునేవాడు. మనం చదివే వాంగ్మూలం మూడు చేతులు మారి వచ్చింది. ఆ మధ్యవాళ్లు అల్లాటప్పా మనుషులు కారు. 1830–31లో కాశీకి వెళ్లి వచ్చి, తెలుగులో అంత గొప్ప యాత్రాగ్రంథం ఇచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటరే. ఆ ఉద్యోగం ఆయన చెవినీ చూపునూ ఎంత పదును పెట్టిందో ‘కాశీయాత్ర చరిత్ర’ చదివితే తెలుస్తుంది.

మూడో ప్రశ్న: అచ్చులోకి రానిది ఏది? లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు కేసులు 1674 నుంచి 1913 దాకా వరుసగా అచ్చయ్యాయి. 1,97,000 పైచిలుకు కేసులు ఇప్పుడు ఉచితంగా చదువుకోవచ్చు. మొదట్లో అవి వీధుల్లో అమ్మిన చౌక పుస్తకాలు. దొంగతనం, హత్య, దొంగనాణేలు, సంసారాల రచ్చ అన్నీ ఉంటాయి. జనం ఎగబడి కొన్నారు. కొనేవాళ్లకు రుచించేది ఎక్కువ వేశారు, ముద్దాయి చెప్పుకున్నది చాలాచోట్ల కుదించారు. పైగా 1790లో నగర పాలకులు, నిర్దోషులుగా బయటపడ్డవాళ్ల కేసులు అచ్చువేయవద్దని ఆపించారు. తప్పించుకునే ఉపాయాలు దొంగలకు నేర్పినట్టవుతుందని భయం. 1792 దాకా ఆ ఆంక్ష నడిచింది. ఆ రెండేళ్ల పుస్తకాలు మాత్రమే చదివినవాడు, లండన్ కోర్టుకెక్కిన ప్రతివాడూ నేరస్థుడేనని అనుకుంటాడు.

ఇన్ని ప్రశ్నలు వేశాక కూడా ఆ పుస్తకాలంటే నాకు ప్రాణం. పనిమనిషి ఎన్ని గంటలకు లేచింది, చేతిరుమాలు ఖరీదెంత, ఏ సందులో దీపం లేదు అన్న సంగతులు ఏ రాజుల చరిత్రలోనూ దొరకవు. ప్రమాణం చేసి చెప్పిన పేదవాళ్ల నోట మాత్రమే దొరుకుతాయి.

3. ప్రసంగాల పుస్తకాలు దాటేయకండి.

నేను ఉపమాక వెంకన్న కొండ నీడన పెరిగినవాణ్ణి. చర్చి ప్రసంగం నాకెందుకని చాలాకాలం పక్కన పెట్టాను. తీరా చూస్తే, పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల ఇంగ్లండులో విపరీతంగా అచ్చయినవి అవే. జడ్జీలు జిల్లాలకు విచారణకు వచ్చినప్పుడు ముందు చర్చిలో ప్రసంగం జరిగేది, అదీ అచ్చుకెక్కేది. న్యూగేట్ జైల్లో ఉరిశిక్ష పడ్డవాళ్లకు ప్రసంగం చెప్పే పాదిరీ, వాళ్ల జీవితకథలూ చివరి మాటలూ కలిపి పుస్తకం వేసి అమ్ముకునేవాడు. రాబడి బాగానే ఉండేది. కేసూ ప్రసంగమూ ఒకే అట్టల మధ్య ఉన్న పుస్తకాలు అవి.

మన ఒడ్డుకు తగిలిన ప్రసంగం కూడా ఉంది. కలకత్తాలో కుంపణీ పాదిరీగా పనిచేసిన క్లాడియస్ బుకానన్ 1809లో బ్రిస్టల్‌లో ‘ద స్టార్ ఇన్ ద ఈస్ట్’ అనే ప్రసంగం చేశాడు. మళ్లీ మళ్లీ అచ్చయింది. 1811లో ఆసియా పర్యటనల మీద అతని పుస్తకం వచ్చింది. ఇండియాలోకి మిషనరీలను రానివ్వాలని అక్కడ జనాన్ని కదిలించిన రాతల్లో ఇవి ముఖ్యమైనవి. 1813 చార్టర్ చట్టం ఆ తలుపు తీసింది. అప్పటికే 1805లో క్రాన్, డెగ్రాంజెస్ అనే లండన్ మిషన్ వాళ్లు విశాఖపట్నం వచ్చి ఉన్నారు. ఆనందరాయరు అనే తెలుగు పండితుడి సాయంతో సువార్తలు తెలుగు చేశారు. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజెస్ చనిపోయారు. అనువాదం 1812లో సేరంపూర్‌లో అచ్చయింది. మిషన్ పుస్తకాల్లో దొరల గురించి పేజీలకు పేజీలు ఉంటాయి, ఆనందరాయరు గురించి కొన్ని వాక్యాలే. నేను ఆ కొన్ని వాక్యాల కోసమే అవి చదువుతాను.

4. అక్షరాలు చూసి బెదరకండి.

1800కు ముందు అచ్చయిన చాలా ఇంగ్లీషు పుస్తకాల్లో ‘స’ పలికే అక్షరం మాట మొదట్లోనూ మధ్యలోనూ పొడుగ్గా, అచ్చం ‘ఫ’ పలికే అక్షరంలా ఉంటుంది. ‘సచ్’ అన్నది ‘ఫచ్’లా కనబడుతుంది. నాలుగు పేజీలు పైకి చదివితే కన్ను సర్దుకుంటుంది. కంప్యూటరుకు మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల సర్దుకోలేదు, అందుకని ఆ అక్షరం ఉన్న మాటను రెండు రకాలుగానూ వెతకండి. పేజీ అడుగున కుడివైపు ఒంటరిగా ఒక మాట ఉంటే అది తర్వాతి పేజీలోని మొదటి మాట. పేజీల వరుస తప్పకుండా పెట్టుకున్న గుర్తు. ఆ మాటా, తిప్పాక వచ్చే మాటా కలవకపోతే మధ్యలో కాగితం పోయి ఉండొచ్చు. కొనే ముందు చూసుకోండి.

5. తారీఖు దగ్గర ఆగండి.

1752కు ముందు ఇంగ్లండులో చట్టం ప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఫిబ్రవరి 1711 అని ఉంటే అది మన లెక్కలో 1712 కావచ్చు.

6. నాటకం అచ్చయితేనే బతుకుతుంది.

షేక్స్పియర్ పోయిన ఏడేళ్లకు, 1623లో, అతనితో కలిసి వేషాలు వేసిన హెమింగ్స్, కాండెల్ అనే ఇద్దరు నటులు పూనుకుని 36 నాటకాలు ఒక పెద్ద పుస్తకంగా తెచ్చారు. వాటిలో సగం, అంటే 18, అంతకు ముందు అచ్చు మొహం చూడలేదు. ఆ పుస్తకం రాకపోతే అవి పోయినట్టే. ఈ సంగతి ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్లందరూ చెబుతారు. మనకు దానితో ఉన్న లంకె మాత్రం ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఆ 18లో ‘జూలియస్ సీజర్’ ఒకటి, ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ ఇంకొకటి. 1876లో వావిలాల వాసుదేవశాస్త్రిగారు తెలుగు చేసింది సీజర్ నాటకాన్ని. 1880లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ‘చమత్కార రత్నావళి’గా తెచ్చింది ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ను. తెలుగులోకి షేక్స్పియర్ అడుగుపెట్టిన తొలి మెట్లు ఇవి. లండన్‌లో ఇద్దరు నటులు స్నేహితుడి మీద ప్రేమతో చేసిన పని, 250 ఏళ్ల తర్వాత గోదావరి గట్టున మన నాటకానికి పనికొచ్చింది. పంతులుగారు అక్కడితో ఆగారా? షెరిడన్ ‘రైవల్స్’ను ‘కల్యాణ కల్పవల్లి’ చేశారు, ‘డ్యుయెన్నా’ను ‘రాగమంజరి’ చేశారు. గోల్డ్‌స్మిత్ నవల నీడలో ‘రాజశేఖర చరిత్ర’ రాస్తే, దాన్ని 1887లో హచిన్‌సన్ అనే పాదిరీ ‘ఫార్చ్యూన్స్ వీల్’ పేరుతో మళ్లీ ఇంగ్లీషులోకి తీసుకెళ్లాడు. పుచ్చుకోవడంలో మనవాళ్లు బిచ్చగాళ్లలా లేరు, బేరం తెలిసిన వర్తకుల్లా ఉన్నారు.

7. ముందుమాట దాటి నాటకంలోకి దూకవద్దు.

గురజాడ అప్పారావుగారు 1862లో పుట్టిన ఎస్.రాయవరం మా నక్కపల్లికి పొరుగు మండలమే. ‘కన్యాశుల్కం’ సంభాషణలు ఇక్కడ నోటికి రానివాళ్లు తక్కువ. 1897 నాటి మొదటి కూర్పుకు ఆయన రాసుకున్న ముందుమాట చదివినవాళ్లు మాత్రం బాగా తక్కువ, ఎందుకంటే అది ఇంగ్లీషులో ఉంది. విజయనగరం ఆనంద గజపతి మహారాజు విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్ల జాబితా తీయించారని అందులో ఉంది. లెక్కకు వచ్చినవి 1034. పెళ్లికూతుళ్లలో ఐదేళ్లవాళ్లు 99 మంది. ఏడాది నిండిన పసికందులు ముగ్గురు.

ఆ అంకెలు చదివాక నాటకంలో బుచ్చమ్మ మాటలు ముందులా వినబడవు. నవ్వుకుంటూ చూసిన రంగాల కింద ఎంత ఏడుపుందో తెలుస్తుంది. తెలుగు నాటకానికి తాళంచెవి ఇంగ్లీషు పేజీల్లో ఉండిపోయిందని నాకు ఇప్పటికీ బాధ. మీలో ఎవరైనా దాన్ని చక్కటి తెలుగులో మన హైస్కూలు పిల్లలకు చదివి వినిపిస్తే, నేను ముందు వరుసలో కూర్చుంటాను.

8. పాత కాగితాన్ని నమ్మండి, కొత్త కాగితాన్ని కాపాడండి.

ఇది చాలామందికి వింతగా ఉంటుంది. 1793 నాటి కాగితం గుడ్డపీలికలతో చేసింది. వంచినా విరగదు. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగం నుంచి చెక్కగుజ్జు కాగితం వచ్చింది. దానిలోని ఆమ్లం దాన్నే తినేస్తుంది, ముట్టుకుంటే అప్పడంలా పొడి అవుతుంది. మా తాతల నాటి పుస్తకం కంటే వాళ్ల తాతల నాటి పుస్తకం గట్టిగా ఉండటానికి కారణం అదే. మన సముద్రపు గాలి తడి ఈ రెండింటికీ శత్రువే. అద్దాల బీరువాలో బిగించి పెట్టకండి, గాలి ఆడనివ్వండి. చిరుగుకు సెలోటేపు అంటించకండి, జిగురు పసుపు మరక అయి పుస్తకంతోనే ఉండిపోతుంది. లామినేషన్ సంగతి అసలు తలపెట్టవద్దు.

9. తూకానికి వేసే ముందు.

అనకాపల్లి, ఎలమంచిలి, నర్సీపట్నం ఊళ్లలో పాత ప్లీడర్ల ఇళ్లు అమ్ముడవుతున్నాయి. అటకల మీది లా రిపోర్టుల మధ్య కేసు పుస్తకాలూ, బడి బహుమతిగా వచ్చిన షేక్స్పియర్లూ, 1907లో ఫ్రాన్సిస్ దొర కూర్చిన విశాఖపట్నం జిల్లా గెజిటీరూ ఉంటాయి. ఆ గెజిటీరులో మన సర్వసిద్ధి తాలూకాకు వేరే భాగమే ఉంది. వాటిని పాత పేపర్లతో కలిపి కిలోల లెక్కన ఇచ్చేస్తున్నారు. కొనేవాడిది తప్పు కాదు, అతనికి ఎవరూ చెప్పలేదు.

అలాంటి ఇల్లు మీ ఎరికలో ఉంటే వెళ్లండి. పెద్దవాళ్ల అనుమతి అడగండి. ప్రతి పుస్తకానికీ ముఖపత్రం, దాని వెనక పేజీ, చివరి పేజీ ఫోన్లో ఫొటో తీయండి. లోపలి అట్ట మీద ఎవరి సంతకమో, ఏ ఊరో, ఏ తారీఖో ఉంటే అదీ తీయండి, ఎందుకంటే ఆ పుస్తకం ఇక్కడికి ఎలా చేరిందో చెప్పేది అదొక్కటే. మార్జిన్లలో తెలుగులో పెన్సిలు రాతలుంటే ఆ పేజీలన్నీ తీయండి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ లైబ్రరీ ఉంది, రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం ఉంది. ఆ ఫొటోలు పట్టుకెళ్లి, వాళ్ల దగ్గర ఏవి లేవో అడిగి తెలుసుకోండి. బేరం ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.