స్పీకర్లు అమ్మెయ్యకు, ముందు బల్ల తిప్పు

హైదరాబాద్

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను, పాటలు రెండూ విన్నాను. కాకినాడ ఇంట్లో మేడమీద గదిని స్టూడియో చేసుకున్నావంటే నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. కానీ చివర్లో ఒక మాట రాశావు చూడు, ఈ 5 అంగుళాల స్పీకర్లు అమ్మేసి 8 అంగుళాలవి కొంటానని, ఆ పని మాత్రం ఇప్పుడు చెయ్యకు. నువ్వు చెప్పిన ఇబ్బందులు మూడు. బేస్ సరిగా వినపడటం లేదు. అదే పాట కారులో పెడితే బేస్ అదిరిపోతోంది. ఏ పాటా పెట్టకపోయినా గుంయ్‌మని మోత వస్తోంది. మొదటి రెండూ ఒకటే జబ్బు, అది గదిది. మూడోది కరెంటు సంగతి. మూడింటిలోనూ స్పీకర్ల తప్పు ఉందని నేననుకోను.

గది సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అసలు విషయమంతా అక్కడే ఉంది. పొడవు 12 అడుగులు, వెడల్పు 10, కప్పు ఎత్తు కూడా 10 అని రాశావు. ఫోటోలో బల్ల పొడుగాటి గోడకి ఆనించి ఉంది. దాని ముందు కుర్చీలో కూర్చుంటే నీ తల ముందు గోడకీ వెనక గోడకీ సరిగ్గా నడుమ పడుతోంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య దూరానికి రెట్టింపు పొడవున్న అల ఆ గదిలో ఇటూ అటూ కొట్టుకుని నిలబడిపోతుంది. 10 అడుగులకు లెక్క వేస్తే అది 56 హెర్ట్జ్. అలా నిలబడిన అల గోడల దగ్గర గట్టిగా, నట్టనడుమ దాదాపు ఏమీ లేనట్టుగా వినపడుతుంది. బేస్ గిటార్లో ఎ తీగ 55 హెర్ట్జ్. అంటే ఆ తీగ మోగినప్పుడల్లా గదిలో అందరికీ వినపడుతుంది, నీకు తప్ప. నీకు వినపడక ఈక్యూలో దాన్ని పెంచుకుంటూ పోయావు. కారులో ఆ గుంట లేదు కాబట్టి నువ్వు పెంచిందంతా బయటపడింది.

ఇది నా మాట మీద నమ్మాల్సిన పని లేదు. నీ సాఫ్ట్‌వేర్లో టోన్ జనరేటర్ తెరిచి 56 హెర్ట్జ్ స్వరం చిన్నగా పెట్టు. కుర్చీలో కూర్చుని విను. తర్వాత లేచి వెళ్ళి వెనక గోడకు వీపు ఆనించి నిలబడు, ఆపైన గది మూలకు వెళ్ళు. స్పీకర్ అదే, వాల్యూమ్ అదే. మూలలో ఎంత పెరుగుతుందో నీ చెవులే చెబుతాయి. ఈ గదిలో 8 అంగుళాల స్పీకర్లు పెడితే ఇదే గొడవ ఇంకా గట్టిగా వినపడుతుంది, అంతే.

స్టూడియోల చరిత్ర తెలిసినవాళ్ళు పెద్ద బేస్ కోసం అంత ఆరాటపడరు. యమహా ఎన్‌ఎస్-10 అని తెల్ల కోన్ ఉన్న స్పీకరు 1978లో ఇళ్ళల్లో వినడానికని వచ్చింది. తర్వాత ప్రపంచంలో ఏ స్టూడియోలో చూసినా మిక్సింగ్ బల్ల మీద అదే కనపడేది. 2001లో తయారీ ఆపేశారు. దానిలో లోతైన బేస్ లేదు, పైశ్రుతి చెవులకు గుచ్చుకునేది, ట్వీటర్ మీద టిష్యూ కాగితం అతికించుకుని పని చేసినవాళ్ళున్నారు. అయినా పేరున్న పాటలెన్నో దాని మీద మిక్స్ అయ్యాయి. అది ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో వాళ్ళకు క్షుణ్ణంగా తెలుసు. నీ స్పీకర్లతో నీకు ఆ పరిచయం ఇంకా మొదలే కాలేదు.

అందుకని బల్ల తిప్పు. 10 అడుగుల గోడకు, సరిగ్గా మధ్యలో వెయ్యి. ఎడమ గోడ ఎంత దూరమో కుడి గోడా అంతే దూరం ఉండాలి, టేపు పెట్టి కొలువు. స్పీకర్లు గది పొడవునా చూడాలి. నీ తల ముందు గోడకు నాలుగున్నర అడుగుల దగ్గర పడేట్టు కూర్చో. పొడవులో 38 శాతం దగ్గర కూర్చోమని మా పనిలో ఒక వాడుక ఉంది, నీ 12 అడుగులకు అది నాలుగున్నర. అక్కణ్ణుంచి అరడుగు ముందుకీ వెనక్కీ జరిగి విని, బేస్ స్వరాలన్నీ ఎక్కడ సమానంగా వినపడితే అక్కడ ఆగు. 6 అడుగుల దగ్గర మాత్రం కూర్చోకు, అది మళ్ళీ నడుమే.

స్పీకర్ల మధ్య ఎంత దూరమో, ఒక్కో స్పీకర్ నుంచి నీ తలకి అంతే దూరం. మూడు, మూడున్నర అడుగులు చాలు. ట్వీటర్లు చెవుల ఎత్తులో ఉండాలి, ముఖాలు నీ వైపు తిరగాలి. ఫోటోలో ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పడుకోబెట్టి ఉంది. రెండూ నిలబెట్టు. గోడకు దూరంగా జరిపితే మంచిదని చెప్పేవాళ్ళుంటారు, పెద్ద గదుల్లో అది నిజమే. నీ గదిలో మూడడుగులు జరిపావంటే, గోడకు తగిలి తిరిగొచ్చే శబ్దం అసలు శబ్దాన్ని 94 హెర్ట్జ్ దగ్గర తినేస్తుంది. దగ్గరగానే ఉంచు, వెనక ఉన్న రంధ్రం ఊపిరాడేట్టు అరడుగు ఖాళీ వదిలితే చాలు. గోడ దగ్గరుంటే బేస్ కాస్త లావవుతుంది. దానికే స్పీకర్ వెనక చిన్న స్విచ్ ఉంటుంది, సున్నా, మైనస్ 2, మైనస్ 4 అని. మైనస్ 2తో మొదలుపెట్టు.

గుడ్ల అట్టలు గోడలకు అతికించకు, వాటివల్ల బేస్‌కు చీమ కుట్టినట్టయినా ఉండదు. 48 డెన్సిటీ రాక్‌వూల్ పలకలు, 2 అంగుళాలవి రెండేసి కలిపి, గుడ్డ కప్పి మూలల్లో నిలబెట్టాలి. కోసేటప్పుడు చేతులకు గ్లౌజులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. అవి వచ్చేదాకా అమ్మమ్మ దూది పరుపులు రెండు చుట్టి ముందు మూలల్లో నిలబెట్టు. నిజంగానే పనిచేస్తాయి. పక్క గోడల మీద ఎక్కడ పెట్టాలో తెలియాలంటే, నువ్వు కుర్చీలో కూర్చో, తమ్ముణ్ణి అద్దం గోడకు ఆనించి జరపమను. అద్దంలో ఎక్కడ నీకు స్పీకర్ కనపడిందో అక్కడ ఒక పలక.

గదిలో ఇనప బీరువా ఉంది కదా. 40 నుంచి 200 హెర్ట్జ్ దాకా స్వరాన్ని నెమ్మదిగా పెంచుతూ వెళ్ళు. ఎక్కడో ఒకచోట గరగర వినపడుతుంది. స్పీకర్ చిరిగిందని కంగారు పడకు, బీరువా తలుపు మీద అరచెయ్యి ఆనించు. గరగర ఆగితే అది తలుపే. తలుపు సందులో మడిచిన గుడ్డ పెట్టు. కిటికీ అద్దాలూ, దేవుడి పటాలూ కూడా ఇలాగే మోసం చేస్తాయి.

ఇక మోత. దీనికి ఒక్కటే పద్ధతి, ఒకసారికి ఒక్కటే మార్చడం. స్పీకర్ల వెనక నుంచి సిగ్నల్ కేబుళ్ళు పీకేసి కరెంటు మాత్రం ఉంచు. ట్వీటర్ దగ్గర చెవి పెట్టినప్పుడు సన్నగా స్‌స్ అని వినపడితే అది మామూలే. మోత ఇంకా ఉంటే కరెంటు వైపు చూడాలి. పోయిందనుకో, కేబులో లాప్‌టాపో. మళ్ళీ కేబుళ్ళు పెట్టి, లాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడుపు. మోత పోయిందా? అయితే ఛార్జర్ ఎర్తుకీ స్పీకర్ల ఎర్తుకీ మధ్య చుట్టు పడింది. లాప్‌టాప్, ఇంటర్‌ఫేస్, స్పీకర్లు అన్నీ ఒకే సాకెట్ నుంచి, ఒకే స్పైక్ బస్టర్ మీద పెట్టు. తర్వాత కేబుల్ ప్లగ్గు కళ్ళ దగ్గర పెట్టుకుని చూడు. లోహపు కడ్డీ మీద నల్ల గీతలు రెండుండాలి. ఒకటే ఉంటే అది గిటార్ కేబుల్. మోత దాంట్లోంచి దర్జాగా వచ్చేస్తుంది. రెండు గీతలున్నవి తెచ్చుకో, లేదా ఎక్స్‌ఎల్‌ఆర్ తీసుకో.

ఎర్తు పిన్ను విరిచేస్తే మోత పోతుందని ఎవరైనా చెబితే వినకు. మోత పోతుంది, నిజమే. కానీ మైకు పట్టుకుని పాడే మనిషికి షాకు కొట్టే దారి తెరుచుకుంటుంది. నా మేనకోడలి గదిలో ఆ పని జరగడానికి వీల్లేదు. మీది పాత ఇల్లు, మేడమీద సాకెట్లకు ఎర్తు వైరు అసలు కలిపారో లేదో ఎలక్ట్రీషియన్ చేత మీటర్ పెట్టించి చూపించు. పెరట్లో ఉప్పూ బొగ్గూ వేసిన ఎర్తు గుంట ఉంటే ఎండాకాలంలో నీళ్ళు పొయ్యమని మీ నాన్నకు చెప్పు, మట్టి ఎండితే ఎర్తు సరిగా పనిచెయ్యదు. ఫ్యాను స్పీడు తగ్గించినప్పుడు మాత్రమే జుయ్‌మంటే అది రెగ్యులేటరు. కరెంటు పోయినప్పుడే వస్తే ఇన్వర్టరు, అది స్క్వేర్ వేవ్ రకమై ఉంటుంది.

కరెంటు పోగానే స్పీకర్ల స్విచ్‌లు ఆపెయ్యి. తిరిగొచ్చాక ముందు ఇంటర్‌ఫేస్, చివరికి స్పీకర్లు. ఆపేటప్పుడు ముందు స్పీకర్లు. లేకపోతే దఢేల్‌మన్న ఆ చప్పుడు ఒక్కోసారి ట్వీటర్ మీదికి వస్తుంది. ట్వీటర్ గోళాన్ని వేలితో ముట్టుకోవద్దని పిల్లలకి కూడా చెప్పు.

ఒకవైపు మాత్రమే చిటపటమంటే ఎడమ, కుడి కేబుళ్ళు స్పీకర్ల దగ్గర మార్చి పెట్టు. చిటపట రెండోవైపుకు వెళితే కేబులో దాని ముందరిదో, అక్కడే ఉంటే స్పీకరు. ట్రాకులు ఎక్కువైనప్పుడే రెండువైపులా వస్తే బఫర్ 256 చెయ్యి.

అంతా అమర్చాక మాయాబజార్ పాట ఒకటి పెట్టు. 1957 నాటి సినిమా, అవి మోనో రికార్డింగులు. ఘంటసాల గొంతు రెండు స్పీకర్ల మధ్య గాలిలో, ఒక్కచోటి నుంచి రావాలి. స్టీరియోగా మార్చిన ప్రతి దొరికితే మోనో బటన్ నొక్కి విను. గొంతు ఎడమకు ఒరిగితే వెనక నాబ్‌లు చూడు, తర్వాత అటుపక్క గోడ చూడు. గొంతు ఎక్కడుందో తెలియకుండా గదంతా పరుచుకుని, బేస్ కూడా పల్చబడితే ఒక కేబుల్లో వైర్లు తారుమారుగా సోల్డర్ చేశారన్నమాట. నువ్వు కాకినాడలో చేయించిన రెండు కేబుళ్ళనూ ఇందుకే ముందు అనుమానిస్తున్నాను.

వాల్యూమ్ ఒకచోట గుర్తు పెట్టుకుని రోజూ అక్కడే పని చెయ్యి. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి, పింక్ నాయిస్ ఒక్కో స్పీకర్ నుంచి 75 డెసిబెల్స్ చుట్టుపక్కల వచ్చేలా చూసుకో, చిన్న గదికి అది సరిపోతుంది. వాల్యూమ్ మారితే చెవికి బేస్ వినపడే తీరే మారిపోతుంది, ఫ్లెచర్, మన్సన్ ఈ సంగతి 1933లోనే కొలిచి చూపించారు. రాత్రి పదింటికి తగ్గించి చేసిన మిక్సు పొద్దున్న పెంచి వింటే వేరుగా అనిపించేది అందుకే.

గదిని సరిచేసే సాఫ్ట్‌వేర్ కొననా అని అడిగావు. ఇవన్నీ అయ్యాక చూద్దాం. గోడల వల్ల పడిన గుంటను ఈక్యూతో పూడ్చలేం, ఎంత పెంచితే గోడ నుంచి తిరిగొచ్చేదీ అంతే పెరిగి మళ్ళీ తినేస్తుంది. రూమ్ ఈక్యూ విజార్డ్ ఉచితంగా దొరుకుతుంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు నా కొలత మైకు తెస్తాను, ఇద్దరం కూర్చుని గ్రాఫు తీద్దాం.

ఈలోగా ఆదివారం బల్ల తిప్పేసి, కారులో అదిరిపోయిన ఆ పాటనే బేస్ ఈక్యూ మొత్తం తీసేసి మళ్ళీ మిక్స్ చేసి పంపు. ముందు గోడకు, పక్క గోడలకు, నీ తలకు ఉన్న కొలతలు కాగితం మీద బొమ్మ గీసి రాసి, దాని ఫోటో కూడా పెట్టు.

మావయ్య